బస్సు రాని వెయిటింగ్ హాలు

"టిక్కెట్టు లేనిదే లోపలికి పంపరట," అంది దర్జీ. "పదహారేళ్లు నా తమ్ముడు టిక్కెట్లు కొట్టిన కిటికీ చూడ్డానికి నేను టిక్కెట్టు కొనాలట."

నడుం మీద చెయ్యి పెట్టుకుని గోదాము గేటుకి అడ్డంగా నిలబడిందామె. వెనక వరస పెరుగుతోంది. వరసలో ఉన్నవాళ్లెవరికీ కోపం రాలేదు. ఈ గొడవ కూడా ప్రదర్శనలో భాగమే అనుకుని నవ్వుకుంటున్నారు. ఎర్రచొక్కా కుర్రాడొకడు ఫోనెత్తి వీడియో తీస్తున్నాడు.

"భలే చేస్తోంది కదూ," అన్నాడు పక్కనున్న అమ్మాయితో.

దర్జీ వాడివైపు తిరిగింది. "ఏం చేస్తున్నాను బాబూ? చెప్పు, నేనూ తెలుసుకుంటా."

వాడు ఫోను దించాడు.

ఆమెతో ఉన్న డిటెక్టివ్ ముందుకొచ్చి, కోర్టు ఇచ్చిన అనుమతి కాగితం గేటు దగ్గరి అమ్మాయి ముందు పెట్టింది. ఒకప్పుడు ఆమె పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబుల్. 'ప్రతిదానికీ సందేహమేనా నీకు' అని ఒక అధికారి విసుక్కుంటే ఆ మాటే పేరైపోయింది. ఉద్యోగం వదిలేసినా పేరు ఆమెను వదల్లేదు. తెలిసినవాళ్లంతా సందేహమక్క అనే అంటారు.

"ఈవిడ నాతో వస్తుంది," అంది సందేహమక్క. "హాలు మొత్తం చూడమని కోర్టు చెప్పింది. టిక్కెట్టు కావాలంటే కోర్టుని అడగండి."

చూడ్డానికి మిగిలింది ఈ రోజే. రేపు పొద్దున తీర్పు.

కేసు చిన్నది, చెప్పుకోవడానికి. మూడు నెలల కిందట బస్టాండు వెయిటింగ్ హాలు తగలబడింది. నిప్పు పార్శిల్ గదిలో పుట్టింది. జనమంతా వీధి వైపు తలుపులోంచి బయటపడ్డారు. దుప్పట్లు అమ్ముకునే ముసలావిడ ఒక్కతీ పొగలో దారి తప్పి వెనక తలుపు దగ్గరికి వెళ్లింది. ఆ తలుపుకి లోపలి వైపు తాళం వేసి ఉంది, బయటినుంచి చెయ్యి పెట్టి తీసుకునేందుకు గొళ్లెం దగ్గర కంత ఉన్నా. ఆవిడ అక్కడే దొరికింది. రాత్రిళ్లు ఆ తలుపుకి వేసే తాళం చెవి టిక్కెట్టు గుమస్తా అయిన దర్జీ తమ్ముడి గుత్తిలో ఉంటుంది కాబట్టి, తొందరగా ఇంటికి పోదామని అతనే ముందుగా తాళం వేశాడన్నారు పోలీసులు. వేస్తుంటే చూశానన్నాడు టీకొట్టువాడు. కాలిన హాలుని నెల తిరక్కుండానే పడగొట్టి ఎత్తేశారు. ఇప్పుడది ఉన్న చోటు ఇదొక్కటే, ఈ గోదాములో, ప్రదర్శనకి చేసిన నకలుగా.

శిల్పి ఎదురొచ్చాడు. నలభై దాటని మనిషి. ఇస్త్రీ చొక్కా, గోళ్ల సందుల్లో తెల్లటి ప్లాస్టరు.

"రండి మేడమ్. మీరు లోపలికొచ్చాక ప్రేక్షకులు కారు, ప్రయాణికులు. నా పని అంతా అదే. మనం రోజూ చూసీ చూడని చోటుని..."

"తలుపెటు?" అంది సందేహమక్క.

లోపల నిజంగానే బస్టాండు. సిమెంటు బెంచీలు, అంచులు అరిగి నున్నబడ్డవి. పైన కిర్రుమంటూ తిరిగే ఫ్యాను. మూలన నీళ్ల ట్యాంకు, దాని కింద నాచు పట్టిన గచ్చు. గోడ మీద ఎవరి తలనూనె మరకలో కూడా ఉన్నాయి. ఎదురుగా ఇనుప చువ్వల టిక్కెట్టు కిటికీ. స్పీకరులోంచి ఒక ఆడగొంతు బస్సు ఆలస్యంగా నడుస్తున్నదనీ దయచేసి వేచి ఉండమనీ చెబుతోంది. ఆ బస్సు ఎప్పటికీ రాదు. అదే ఈ ప్రదర్శన. జనం టిక్కెట్టు కొనుక్కుని, బెంచీల మీద కూర్చుని, రాని బస్సు కోసం ఎదురుచూసి, ఇంటికి పోతారు.

దర్జీ కిటికీ దగ్గరికి వెళ్లి చువ్వలు పట్టుకుంది. చువ్వల వెనక ఖాళీ కుర్చీ. సీటు మీద కుట్టిన గుడ్డ దిండు.

"ఇది నేను కుట్టింది," అంది.

"దాని నకలు," అన్నాడు శిల్పి. "కుట్లతో సహా అచ్చు తీశాం. ముట్టుకోండి, గట్టిగా ఉంటుంది."

ఆమె ముట్టుకోలేదు.

వెనక తలుపుకి దగ్గరగా ఒక బెంచీ మీద దుప్పట్ల మూట ఉంది. దాని పక్కన ఒకమ్మాయి కూర్చుని తల వాల్చింది. స్నేహితురాలు ఫోటో తీస్తోంది. "కొంచెం దిగులుగా పెట్టవే మొహం," అంటోంది.

దర్జీ నాలుగు అంగల్లో అక్కడికి చేరింది. "లేమ్మా. ఆ మూట ఎవరిదో తెలుసా? అది పట్టుకునే చచ్చిపోయింది ముసలావిడ. దిగులు మొహం పెట్టాలంటే ఇంటికెళ్లి అద్దం ముందు పెట్టుకో."

అమ్మాయి లేచింది. శిల్పి మధ్యలోకొచ్చాడు.

"తప్పుగా అనుకోవద్దు. ప్రమాదం జరిగాక నేను పెట్టిన మూట అది. నివాళి."

"మూట పెట్టాక మీకు జనం పెరిగారా, తగ్గారా?" అడిగింది సందేహమక్క.

శిల్పి మూట మీది దుమ్ము దులిపాడు.

ఆమె నీళ్ల ట్యాంకు పక్క బెంచీకి వెళ్లి కూర్చుంది. టీకొట్టువాడు కోర్టులో చెప్పిన మాటలు ఆమెకి కంఠతా వచ్చు. నీళ్ల ట్యాంకు పక్క బెంచీ మీద కూర్చుని ఉండగా గుమస్తా వచ్చి వెనక తలుపుకి తాళం వేసి, తాళంచెవి చొక్కా జేబులో వేసుకోవడం చూశాను. అతను కూర్చున్నానన్న చోటు ఇదే. అక్కణ్ణుంచి చూసింది. వెనక తలుపు నిలువునా కనిపిస్తోంది. గొళ్లెం కూడా.

దర్జీ వచ్చి పక్కన కూర్చుని అటే చూసింది.

"కనిపిస్తోందక్కా."

"కనిపిస్తోంది."

"అంటే వాడు నిజమే చెప్పాడా?"

సందేహమక్క శిల్పిని పిలిచింది. "ఈ హాలులో మీరేమైనా మార్చారా?"

"ఏదీ మార్చను. ఊహించి ఒక్క మేకు కూడా కొట్టను. ప్రతిదీ అసలు దాని మీద రబ్బరు పోసి అచ్చు తీసిందే. నా సిద్ధాంతమే అది."

"మూట పెట్టారుగా."

"అది నివాళి అన్నాను."

"పేరేదైనా గానీ, మూట పెట్టారు. సిద్ధాంతం ఒకసారి పక్కకి జరిగింది. ఇంకెన్నిసార్లు జరిగింది?"

"ఇంకేమీ లేదు," అన్నాడు శిల్పి. మాట తొందరగా వచ్చింది.

సందేహమక్క లేచి గోడల వెంట నడిచింది. గోడ తడుముతూ, గోటితో గీకుతూ, మోకాళ్ల మీద వంగి చూస్తూ. జనం ఆమె వెనకాలే కొంచెం దూరంలో నడుస్తున్నారు, ఏదో చూపించబోతోందని. వెనక తలుపు పక్కన గోడకి బస్సు వేళల రేకుబోర్డు తగిలించి ఉంది. ఆమె అక్కడ ఆగింది. బోర్డు రెండు పక్కల అంచులు గోడకి ఆనుకున్నాయి. నడిమి భాగం మాత్రం పొట్టలా ముందుకి ఉబ్బి ఉంది. పైన ఉబ్బిన చోట బోర్డుకీ గోడకీ మధ్య చూపుడువేలు పెట్టింది. వేలు లోపలికి పోయింది.

"చదునైన గోడ మీద బోర్డు ఇలా ఉబ్బి ఉంటుందా?"

"అసలు బోర్డు అలాగే ఉండేది," అన్నాడు శిల్పి. "నేను చేసిన వంపు కాదు."

"నేనూ అదే అంటున్నా. మీరు చేసిన వంపు కాదు. మరి అసలు బోర్డుకి వంపెలా వచ్చింది? గుండ్రటి దేనికో చుట్టి కొట్టి ఉండాలి."

దర్జీ నోటి మీద చెయ్యి వేసుకుంది.

"స్తంభం," అంది. "అదే, వచ్చినప్పటినుంచీ ఏదో బోసిగా ఉంది, ఏమిటా అనుకుంటున్నా. నడి హాల్లో లావుపాటి స్తంభం ఉండేదక్కా. బోర్డు దానికే. మధ్యాహ్నం క్యారేజీ తెచ్చినప్పుడల్లా దానికే ఆనుకుని నిలబడేదాన్ని. నా వీపుకి సున్నం అంటుకుంటే తమ్ముడు దులిపేవాడు."

సందేహమక్క శిల్పి వైపు చూసింది. ఆయన చేతుల్లోని ప్లాస్టరు గీక్కుంటున్నాడు.

"గుమ్మంలో అడుగు పెట్టగానే చూపు వెనక తలుపుదాకా సాగాలి," అన్నాడు చివరికి. "స్తంభం అడ్డొచ్చేది. తీసేశాను. కళలో అది..."

"మీ చూపు సాగడానికి స్తంభం తీసేశారు. ఆ తీసేసిన చోటులోంచి ఒక మనిషిని జైలుకి పంపించారు. ఎక్కడుండేది, చూపించండి."

చూపించాడు. నేల మీద సుద్దతో గీయించింది. ఇద్దరు చేతులు కలిపి చుట్టినా చాలనంత లావు. ఎర్రచొక్కా కుర్రాడు ఈలోపు లోపలికి వచ్చి వింతగా చూస్తున్నాడు.

"నువ్వూ, ఇంకో ముగ్గురూ ఇలా రండి," అంది సందేహమక్క. "ఈ గీత మీద వీపులు కలిపి నిలబడండి. నవ్వొద్దు. స్తంభాలు నవ్వవు."

నలుగురూ నిలబడ్డారు. ఆమె వెళ్లి ట్యాంకు పక్క బెంచీ మీద కూర్చుంది. ఎర్రచొక్కా కనిపించింది, పక్కవాడి భుజం కనిపించింది. తలుపు మాయమైంది. లేచి టిక్కెట్టు కిటికీ దగ్గరికి వెళ్లి చూసింది. అక్కణ్ణుంచీ తలుపు కనబడలేదు. అంటే ఆ తలుపు దగ్గర ఎవరేం చేసినా గుమస్తాకి తెలిసే వీలు లేదు.

"బాగుంది అక్కా. మీరూ నాటకాల్లోకి దిగారా?"

ఇన్‌స్పెక్టర్ ముందు తలుపులోంచి వస్తూ అన్నాడు. కొత్తగా చేరినప్పుడు కాగితం రాయడం దగ్గర్నుంచి ఆమె దగ్గరే నేర్చుకున్నాడు. ఇప్పుడీ కేసు అతనిదే. వెనకాల ఇద్దరు కానిస్టేబుళ్లు.

"టీకొట్టువాణ్ణి ఇక్కడికి తెచ్చావా తమ్ముడూ?"

"తెచ్చాను. అసలు హాలు బూడిదైంది. సాక్షికి గుర్తు రావాలంటే ఎక్కడో ఒక చోట కూర్చోబెట్టాలిగా. మీరు నేర్పిందే."

"నేను నేర్పింది జరిగిన చోట కూర్చోబెట్టమని. నువ్వు బొమ్మ హాల్లో కూర్చోబెట్టావు. వాడు కోర్టులో చెప్పింది ఈ బొమ్మలో కనిపించింది. ఆ హాల్లో కూర్చుంటే స్తంభం తప్ప వాడికేమీ కనబడదు."

"స్తంభమా?" ఇన్‌స్పెక్టర్ నలుగురు కుర్రాళ్ల వైపు చూశాడు. వాళ్లు మెల్లిగా విడిపోయారు. "స్తంభం ఉండేదని కోర్టుకొచ్చి ఎవరు చెబుతారు? జైల్లో ఉన్నవాడి అక్క?"

"ఈయన చెబుతారు."

శిల్పి నోరు తెరిచాడు.

"మాస్టారూ," అన్నాడు ఇన్‌స్పెక్టర్, గొంతు పెంచకుండా, "మీ ప్రదర్శనకి అనుమతి సంతకం ఎవరిది?"

శిల్పి నోరు మూసుకున్నాడు.

"పోనీ, స్తంభం ఉందనే అనుకుందాం," అన్నాడు ఇన్‌స్పెక్టర్ తీరిగ్గా. "టీకొట్టువాడు కొంచెం అటూ ఇటూ చెప్పాడనే అనుకుందాం. తాళం అబద్ధమవుతుందా? తాళం ఉంది. ముసలావిడ చచ్చిపోయింది. తాళంచెవి ఈవిడ తమ్ముడి గుత్తిలో దొరికింది. మీకు ఇంకా సందేహమేనా?"

"ఆ తాళం ఏమైంది? కోర్టుకి రాలేదుగా."

"శిథిలాల్లో పోయింది. రాసే ఉంది, చదువుకోండి."

అతని నడుం దగ్గరి వైర్‌లెస్ గరగరలాడింది. అది చెవి దగ్గర పెట్టుకుని గేటు వైపు వెళ్లాడు. "వీళ్లెవర్నీ ఏదీ ముట్టుకోనివ్వకండి," అని వెళుతూ వెళుతూ కానిస్టేబుళ్లకి చెప్పాడు. కానిస్టేబుళ్లిద్దరూ ఒకప్పుడు ఆమె చేతి కింద పనిచేసినవాళ్లే. ఫ్యాను వైపు చూస్తూ నిలబడ్డారు.

సందేహమక్క నేరుగా వెనక తలుపు దగ్గరికి నడిచింది. గొళ్లెం ఉంది. తాళం లేదు. గొళ్లెం కొంకీకి రెండు వైపులా విరిగిన మొండి ముక్కలు, లోపల తెల్లగా.

"ఇక్కడ తాళం ఉండేదా?"

"ఉండేది," అన్నాడు శిల్పి. "ఎవరో విరుచుకుపోయారు. జనం గుర్తుగా ఏదో ఒకటి పట్టుకుపోతుంటారు."

"ఎప్పుడు పోయింది?"

ఆయన గేటు వైపు చూసి, గొంతు తగ్గించాడు. "ఆయన సాక్షిని తెచ్చిన రోజు. ఆ రోజు ప్రదర్శనకి సెలవు. బయటి జనం ఎవరూ లేరు. పొద్దున ఉంది, వాళ్లు వెళ్లాక చూస్తే లేదు."

"అడిగారా?"

"ఇన్‌స్పెక్టర్ని పట్టుకుని తాళం దొంగిలించారా అని ఎలా అడుగుతాను?"

"అచ్చు ఉందా?"

"నేనేదీ పారెయ్యను."

"పదండి."

పనిగది హాలు వెనకే ఉంది. అరల నిండా రబ్బరు అచ్చులు, మీద సుద్దతో పేర్లు. కుళాయి. స్విచ్చి. తలనూనె మరక. కింద వరసగా డబ్బాలు. ముక్కుకి ఘాటు కొట్టింది. శిల్పి ఒక మూల నుంచి పిడికిలంత రబ్బరు ముద్ద తీశాడు.

"ఎప్పుడు తీశారిది?"

"చివర్న తీసింది. తలుపూ తాళమూ మిగిలిపోతే మధ్యాహ్నం వెళ్లి పోసుకొచ్చాం. ఆ రోజే రాత్రికి..." ఆయన ఆగాడు. "హాలు కాలింది ఆ రోజే."

దర్జీ ముందుకొచ్చింది. "మధ్యాహ్నమా? మధ్యాహ్నానికే తాళం ఉందా?"

"ఉంది. పక్కన ఒక కానిస్టేబుల్ కూడా నిలబడి ఉన్నాడు. తొందరగా కానివ్వండి, వెనక రోడ్డు మీద పెద్దవాళ్ల కార్లు వెళ్లాలి, జనం అటు రాకూడదు అన్నాడు."

హాల్లోంచి స్పీకరులో ఆడగొంతు వేచి ఉండమంటోంది.

"ఈ ముక్క మూడు నెలల్లో ఎవరికీ చెప్పలేదా మీరు?" అంది సందేహమక్క.

"నన్నెవరూ అడగలేదు. తాళం ఉందని అందరికీ తెలిసిందేగా. ఉందని నేనూ చెబితే ఆ గుమస్తాకే దెబ్బ అనుకున్నాను."

"తలనూనె మరక చూశారు. గచ్చు మీద నాచు చూశారు. తలుపు పక్కన నిలబడ్డ మనిషి ఒక్కడు మీ కంటికి ఆనలేదు. అచ్చుకి పనికిరాడనా?"

శిల్పి తల దించుకున్నాడు. బల్ల మీది బంకమట్టి ముద్ద తీసి, తడి చేసి, అచ్చులోకి వేళ్లతో గట్టిగా అదిమాడు. రబ్బరు వెనక్కి ఒలిచాడు. మట్టి తాళం బల్ల మీద పడింది. ముందు వైపు నున్నగా ఉంది. సందేహమక్క దాన్ని జాగ్రత్తగా తిరగేసింది.

వెనక ఒక నక్షత్రం. కింద ముప్ఫై ఒకటి.

ఆమె బల్ల అంచు పట్టుకుంది.

"స్టోరు నా చేతిలో ఉన్నప్పుడు స్టేషన్ తాళాలన్నీ సిబ్బంది ఇళ్లకి నడిచిపోయేవి," అంది మెల్లిగా. "చూసి చూసి ఒక్కోదాని వెనకా నక్షత్రం, నంబరు కొట్టించాను. నేనే దగ్గర కూర్చుని కొట్టించాను. ఇది పోలీసు తాళం. మీ తమ్ముడి గుత్తిలో ఏ చెవీ దీనికి పట్టదు."

దర్జీ ఏడవలేదు. మట్టి తాళం వైపే చూస్తూ నిలబడింది.

"కార్లు పోయాక ఎందుకు తియ్యలేదు?" అంది. "ముసలావిడ తలుపు కొట్టి ఉంటుంది కదా. అటు పక్క ఎవరూ వినలేదా?"

"వినే ఉంటారు."

"ఏం వినే ఉంటారు?" ఇన్‌స్పెక్టర్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చూపు బల్ల మీదికి పోయింది. అక్కడే ఆగిపోయింది. దగ్గరికొచ్చి, మట్టి తాళాన్ని అరచేతిలోకి తీసుకున్నాడు. నక్షత్రాన్ని చూశాడు. తర్వాత పిడికిలి బిగించాడు. వేళ్ల సందుల్లోంచి బంకమట్టి బయటికొచ్చింది.

"ఏదీ మీ సాక్ష్యం అక్కా? ఇదేనా?"

ముద్దని బల్ల మీదికి విసిరి చేతులు దులుపుకున్నాడు.

అప్పుడు మాట్లాడింది శిల్పి. రబ్బరు అచ్చుని రెండు చేతులతో గుండెకి ఆనించుకుని ఉన్నాడు.

"అచ్చు నా దగ్గరుంది. మీరు ఒకటి నలిపితే నేను వంద తీస్తాను. అనుమతి రద్దు చేసుకోండి. స్తంభం తీసేసింది నేను. రేపు కోర్టులో అది నేనే చెబుతాను."

ఇన్‌స్పెక్టర్ మొహంలో మొదటిసారి తీరిక పోయింది.

"రేపటి సంగతి రేపు. ఆ అచ్చు ఇటివ్వండి. ఎవరూ ఎక్కడికీ కదలడానికి లేదు. మంత్రిగారు ప్రదర్శన చూడ్డానికి వస్తున్నారు. ఆయన వచ్చి వెళ్లేదాకా లోపలివాళ్లు లోపలే."

సందేహమక్క అతని మొహంలోకి చూసింది. "లోపలివాళ్లు లోపలే అంటే? ఈ గోదాముకి వెనక దారి లేదా?"

"షట్టరుంది," అన్నాడు శిల్పి. "మధ్యాహ్నం వీళ్లొచ్చి మూయించారు. మంత్రిగారి కారు అటే ఆగుతుందట."

"లోపల ఎంతమంది ఉన్నారు?"

"రెండు వందలు దాటి ఉంటారు."

"ఈ డబ్బాల్లో ఏముంది?"

"థిన్నరు. రెజిను. నిప్పు తగిలితే భగ్గుమంటాయి."

ఆమె మరో మాట అడగలేదు. పనిగది దాటి, ఇరుకు నడవాలోంచి గోదాము వెనక్కి నడిచింది. దర్జీ, శిల్పి, ఇన్‌స్పెక్టర్ ఆమె వెనకే. నడవా చివర ఇనుప షట్టరు నేలదాకా దించి ఉంది. కింద కొంకీకి తాళం. ఆమె మోకాళ్ల మీద కూర్చుని తాళాన్ని తిరగేసింది.

నక్షత్రం. నంబరు మాత్రం వేరు.

లేచి నిలబడేసరికి ఆమె మొహం చూసి శిల్పి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"తాళంచెవి ఇవ్వు."

"కానిస్టేబుల్ దగ్గరుంది. రోడ్డు మీద డ్యూటీలో ఉన్నాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఐదు నిమిషాలు ఓపిక పట్టండి. కార్లు రానివ్వండి."

"ఆ రోజూ చెవి రోడ్డు మీదే ఉందా?"

"నోరు జాగ్రత్త."

"ఒక ముసలావిణ్ణి తలుపుకి తాళం వేసి చంపావు. ఆ నేరం తీసుకెళ్లి కిటికీ వెనక కూర్చున్నవాడి నెత్తిన పెట్టావు. ముసలావిడ మట్టిలో ఉంది, వాడు జైల్లో ఉన్నాడు, నువ్వు మళ్లీ ఇంకో తలుపుకి తాళం వేశావు. చేతులెలా వచ్చాయి నీకు?"

"నువ్వు నాకు చెప్పేదానివా?" మర్యాద జారిపోయింది అతని నోట్లోంచి. "ఉద్యోగం లేదు, సద్యోగం లేదు, ఊరి మీద పడి..."

ఇనుము మోగింది. ఇద్దరూ తిరిగి చూశారు.

దర్జీ చేతిలో శిల్పి సుత్తి ఉంది. పనిగదిలోంచి వస్తూ వస్తూ తీసుకున్నట్టుంది. రెండో దెబ్బ కొట్టింది. జీవితమంతా మిషను తొక్కిన మనిషి. ఆగి, ఊపిరి తీసుకుని, కొట్టిన చోటే మళ్లీ కొట్టింది. మూడో దెబ్బకి కొంకీ వంగింది. ఇన్‌స్పెక్టర్ ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. శిల్పి మధ్యలో నిలబడ్డాడు, అచ్చుని ఇంకా గుండెకి పట్టుకునే. ఇంకో దెబ్బకి తాళం ఊడి నేల మీద పడింది.

సందేహమక్క షట్టరు పైకెత్తింది. వెలుతురు లోపలికొచ్చింది. చప్పుడుకి హాల్లోంచి జనం నడవాలోకి తొంగిచూస్తున్నారు. ముందు ఎర్రచొక్కా కుర్రాడు, ఫోనెత్తి. ఈసారి అతను నవ్వడం లేదు.

"ప్రభుత్వ ఆస్తి పగలగొట్టారు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఇద్దరి మీదా కేసు పెడతాను. ఇప్పుడే."

సందేహమక్క వంగి తాళం తీసి, కొంగుతో తుడిచి, నక్షత్రం అందరికీ కనబడేలా పట్టుకుంది.

"పెట్టు. ఏం పగిలిందో రాయాలి కదా. స్టేషన్ తాళం అని రాయి. ఎవరు వేశారో రాయి. నిండుగా జనం ఉన్న గదికి ఎందుకు వేశారో రాయి. దీని ముందు నంబర్లు ఎక్కడెక్కడున్నాయో స్టోరువాణ్ణి అడిగి అవీ రాయి. ముప్ఫై ఒకటి దగ్గరికొచ్చేసరికి ఏం రాస్తావో నేను పక్కన కూర్చుని చూస్తా. కాగితం రాయడం నేర్పింది నేనేగా."

అతను జేబులోంచి పెన్ను తీశాడు. మూత తీశాడు. అలాగే నిలబడ్డాడు.

దూరంగా సైరన్ వినిపించింది.

అతని మొహంలో రంగు మారింది. జనాన్ని చూశాడు, ఫోన్లని చూశాడు, రోడ్డు వైపు చూశాడు. తర్వాత ఆమెకి మాత్రమే వినిపించేంత గొంతుతో అన్నాడు.

"తాళం వెయ్యమంటే వేశాను అక్కా. ఆ రోజు ఆయన బయల్దేరడం చీకటి పడేదాకా సాగింది. పొగ చూడగానే ఫోన్ చేశాను. లోపల ఎవరో తలుపు కొడుతున్నారు, తియ్యమంటారా అని అడిగాను. తన కారు దాటేదాకా తియ్యొద్దన్నారు."

"ఎవరు?"

సైరన్ మలుపు తిరిగింది. నల్లకార్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి, ఎత్తి ఉన్న షట్టరు ముందు ఆగాయి. నడి కారు తలుపు తెరుచుకుంటోంది.

"దిగాక మీరే అడగండి," అన్నాడు.

సందేహమక్క తాళాన్ని పిడికిట్లో బిగించింది.

"అడుగుతా. ముందు నువ్వు చెప్పు. తలుపు చప్పుడు వింటూ ఫోన్ తీశావే, అదే చేత్తో తాళం తియ్యొచ్చు కదరా."